మంచం కింది అట్టపెట్టెల నుంచి రెండో ముద్రణ దాకా: ఒక తొలి కథల సంపుటి ప్రచారంపై కేస్ స్టడీ

తెలుగులో సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే రచయితలకు, అచ్చు పూర్తయిన తరవాత ఆ పుస్తకాన్ని పాఠకుల చేతికి చేర్చే పని చేసిపెట్టడం నా వృత్తి. విజయవాడ కేంద్రంగా పనిచేస్తాను. ఇక్కడ ఒకే ఒక్క పుస్తకం గురించి, అది ఇంట్లో అట్టపెట్టెల్లోంచి బయటికి వచ్చి రెండో ముద్రణకు చేరిన క్రమం గురించి వివరంగా రాస్తున్నాను. రచయిత దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. పేరు రాయవద్దని కోరారు కనుక, తోటి ఉద్యోగులు ఆయనను పిలిచే ‘మాస్టారు’ అన్న పిలుపునే వాడుతున్నాను. తెలుగు పుస్తకానికి పాఠకులు లేరని తరచుగా వినిపించే మాటను ఈ కేసు నేరుగా పరీక్షకు పెట్టింది. మాస్టారికి పాఠకులున్నారు, కానీ వాళ్లు సాహిత్య సభలకు వచ్చేవాళ్లు కారు. వాళ్లెవరో, ఎక్కడున్నారో పేరుపేరునా తెలుసుకోవడం, ఆ పట్టికను పంపిణీదారు చేతుల్లోనో ఫేస్‌బుక్ చేతుల్లోనో వదలకుండా రచయిత తన దగ్గరే ఉంచుకోవడం మా పని మొత్తానికి ఆధారమైంది.

అచ్చయి నిలిచిపోయిన పుస్తకం

సంపుటి 2024 చివర్లో అచ్చయింది. 14 కథలు, డెమ్మీ సైజులో 176 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు 11, 500 ప్రతులు, వెల 200 రూపాయలు. కథలన్నీ రైల్వే జీవితంలోంచి వచ్చినవే. నల్లమల గుండా వెళ్లే గుంటూరు–నంద్యాల మార్గం మీటర్ గేజిగా ఉన్న రోజుల్లో దిగువమెట్ట వంటి చిన్న స్టేషన్లలో రాత్రి డ్యూటీలు, ఆవిరి ఇంజన్ల షెడ్డు మూతబడ్డాక క్రమంగా ఖాళీ అయిన బిట్రగుంట కాలనీ, తండ్రికి బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతిసారీ స్కూలు మారే పిల్లలు, ఊరికి దూరంగా గేటు పక్క క్వార్టరులో కాపురం చేసే గేట్‌మన్ భార్యలు వీటిలో కనిపిస్తారు. భాష శుభ్రంగా ఉంది, కథనం తొందరపడదు, రెండు మూడు కథలు ఏ మంచి సంకలనంలో పెట్టినా నిలబడతాయి. పుస్తకం చదివి, అది బాగుందని నాకు నమ్మకం కలిగితేనే నేను ప్రచారం ఒప్పుకుంటాను. ఎందుకంటే మొదటి వందమంది పాఠకుల తరవాత పుస్తకాన్ని ముందుకు తీసుకుపోవలసింది ఆ వందమంది మాటే తప్ప మేము చేసే హడావిడి కాదు.

విజయవాడలో ఒక హాలులో ఆవిష్కరణ జరిగింది. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఇద్దరు సమీక్షకులు, ఆత్మీయ అతిథులు, శాలువాలు, ఫొటోలు, మరునాడు జిల్లా పేజీలో చిన్న వార్త, అన్నీ ఆనవాయితీ ప్రకారం ఉన్నాయి. వేదిక మీదివారికీ, ముందు వరుసల్లో కూర్చున్న తోటి రచయితలకూ ప్రతులు ఉచితంగా అందాయి. ఒక పంపిణీదారు 40 శాతం కమీషన్ మాట్లాడుకుని, అమ్ముడయ్యాక డబ్బు చెల్లించే పద్ధతిలో 150 ప్రతులు తీసుకున్నారు కానీ ఆ తరవాత లెక్క పంపలేదు. 2025 జనవరి 2 నుంచి 12 వరకు ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జరిగిన విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసినవారి స్టాలులో పెట్టిన ప్రతుల్లో కొన్నే అమ్ముడయ్యాయి. సంక్రాంతి పండగ వెళ్లాక మాస్టారు మా దగ్గరకు వచ్చేనాటికి అచ్చయినవాటిలో సుమారు సగం ఆయన ఇంట్లో మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి.

ఆవిష్కరణ సభలను నేను తక్కువ చేయడం లేదు. జీవితమంతా రాత్రి డ్యూటీల మధ్య కథలు రాసుకున్న మనిషికి తోటివారి ఎదుట దక్కే గౌరవం చిన్నది కాదు, అక్కడ వినిపించే విమర్శ కూడా పనికివస్తుంది. అయితే ఆ హాలులో కూర్చునేవారిలో ఎక్కువమంది తామూ పుస్తకాలు వేసినవారే, ఒకరి పుస్తకం ఒకరు ఇచ్చిపుచ్చుకునేవారే కనుక అక్కడ అమ్మకాన్ని ఆశించడం న్యాయం కాదు. రచయిత పాఠకుడున్న చోటికి వెళ్లడం మనకు కొత్త సంగతేమీ కాదు. తిరుపతి వేంకట కవులు సంస్థానాలూ పట్టణాలూ తిరిగి అవధానాలు చేసి తమ పద్యానికి శ్రోతలను తామే సంపాదించుకున్నారు. ప్రచురణ సంస్థ ఎమెస్కో వారు ఇంటింటా గ్రంథాలయం ఉండాలన్న పథకంతో చందాదారుల ఇళ్లకే పుస్తకాలు పంపి, పుస్తకాల షాపు లేని ఊళ్లలో కూడా చదివేవారిని కూడగట్టుకున్నారు. మాస్టారి విషయంలో మేము చేసినది ఆ బాటలోదే, చేతిలో ఫోన్ ఉండడం ఒక్కటే తేడా.

ఫోన్లు రాసుకున్న డైరీ

మొదటి సమావేశంలో నేను అడిగిన ప్రశ్న, ‘ఈ కథలు చదివి మీకు ఫోన్ చేసినవాళ్లెవరు?’ అన్నది. తెలుగు పత్రికల్లో కథ చివర రచయిత ఫోన్ నంబరు వేసే అలవాటుంది. ఆదివారం అనుబంధంలో కథ వస్తే ఆ ఉదయం నుంచి రెండు మూడు రోజుల పాటు రచయితకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. చాలామంది రచయితలు ఆ ఫోన్లకు సంతోషించి ఊరుకుంటారు. మాస్టారు మాత్రం ట్రైన్ రిజిస్టరు రాసిన అలవాటుతో ప్రతి ఫోన్‌నూ నమోదు చేసి ఉంచారు.

మరునాడు ఆయన ఆ డైరీ తెచ్చి నా ముందు పెట్టారు. యూనియన్‌వాళ్లు ఏటా ఇచ్చే డైరీ అది. ఎడమవైపు తేదీ, సమయం, ఆ పక్కన నంబరు, పేరు, ఊరు, చివర ఎర్ర సిరాతో ఆ మనిషి చెప్పిన మాట ఒక ముక్క. ‘నాన్నగారు డోర్నకల్లులో పాయింట్స్‌మన్.’ ‘కాజీపేట డీజిల్ కాలనీలో పెరిగారు, ఇప్పుడు బెంగళూరు.’ ‘భర్త గుంతకల్లులో గార్డు, కాలం చేశారు, కూతురితో కథ రెండుసార్లు చదివించుకున్నారట.’ పత్రికల్లో వచ్చిన మూడు కథలకు కలిపి పేజీల కొద్దీ ఉన్నాయి. వాటిని ముందేసుకుని విడదీస్తే, ఫోన్ చేసినవారిలో సాహిత్యంతో నిత్యం సంబంధం ఉన్నవారు కొద్దిమందే అని, అత్యధికులు ఎప్పుడో ఒకప్పుడు రైల్వే క్వార్టర్లలో బతికినవారని తేలింది. వాళ్లలోనూ విశ్రాంత ఉద్యోగులకంటే వారి పిల్లలు, అంటే ఇప్పుడు 40, 50 ఏళ్ల వయసులో హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడినవారు ఎక్కువ. వీళ్లలో చాలామంది తెలుగు పుస్తకం కొని ఏళ్లయింది. తాము పెరిగిన కాలనీ అచ్చులో కనబడేసరికి ఫోన్ చేయకుండా ఉండలేకపోయారు.

పుస్తకం వచ్చిన సంగతి వాళ్లెవరికీ తెలియదు. కనుక మొదటి పని డైరీలోని ప్రతి నంబరుకూ మాస్టారు స్వయంగా ఫోన్ చేయడం. ‘మీరు ఫలానా నెలలో ఫోన్ చేసి మెచ్చుకున్న కథ ఇప్పుడు పుస్తకంలో వచ్చిందండీ’ అన్నది తప్ప అమ్మకపు మాటలేవీ వద్దనుకున్నాము. చాలామంది అక్కడికక్కడే ఫోన్‌పే చేశారు. మేము ముందుగా ఊహించనిది ఇంకొకటి జరిగింది. ఒక్కొక్కరు రెండు, మూడు ప్రతులు అడిగారు. ఒకే క్వార్టరులో పెరిగిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఇప్పుడు తలో ఊళ్లో ఉన్నారు, అందరికీ పంపమన్నారు. ప్రతి సంభాషణ చివర రెండు ప్రశ్నలు అడిగే పద్ధతి పెట్టుకున్నాము. ఈ పుస్తకం ఇంకెవరు చదివితే బాగుంటుంది, మళ్లీ కొత్త కథ వచ్చినప్పుడు మీకు చెప్పవచ్చునా? ఔనన్నవారి వివరాలే గూగుల్ షీటులోకి ఎక్కించాము. పేరు, ఊరు, నంబరు, ఎలా తెలిశారు, ఎన్ని ప్రతులు తీసుకున్నారు అనే గడులతో పాటు ‘ఏ కాలనీ’ అని ఒక గడి పెట్టాము. తరవాత జరిగిన పనుల్లో ఆ గడి ఉపయోగపడినంతగా మరేదీ ఉపయోగపడలేదు.

అను నుంచి యూనికోడ్‌కు

ఇది చిన్న సాంకేతిక విషయంలా కనిపిస్తుంది కానీ తెలుగు రచయితలు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. పుస్తకం డీటీపీ (కంప్యూటరులో పేజీల కూర్పు) పేజ్‌మేకర్‌లో, పాత పద్ధతి అను ఫాంట్లతో జరిగింది. అలా కంపోజు చేసినది కాగితం మీద తెలుగే అయినా కంప్యూటరు లెక్కలో తెలుగు కాదు. అందులోంచి ఒక పేరా తీసి ఫేస్‌బుక్‌లో పెడితే అర్థం లేని గుర్తుల వరస వస్తుంది. అందుకే రచయితలు పేజీని ఫొటో తీసి పెడుతుంటారు. ఆ ఫొటోలోని అక్షరాలను వెతుకులాటలో ఎవరూ అందుకోలేరు. మేము మొత్తం పుస్తకాన్ని కన్వర్టరుతో, ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్పించి, మారిన ప్రతిని మళ్లీ అక్షరం అక్షరం సరిచూశాము. ఒత్తులు తారుమారవుతాయి, సున్నాలు ఎగిరిపోతాయి, విరామ చిహ్నాలు చోటు మారతాయి. ప్రూఫు చూడకుండా కన్వర్టరును నమ్మడం రచయిత పేరుకు చేటు.

ఆ తరవాత కథల్లోంచి తీసిన ప్రతి ముక్కనూ అక్షరాల రూపంలోనే పెట్టాము. దిగువమెట్ట అనో బిట్రగుంట రైల్వే కాలనీ అనో తెలుగులో వెతికిన మనిషికి మాస్టారి వాక్యాలు ఎదురుపడే వీలు అప్పుడే కలిగింది. కొత్తగా పుస్తకం వేసేవారికి నా గట్టి సలహా ఏమిటంటే, డీటీపీ చేసేవారితో మొదటి రోజే యూనికోడ్‌లో చేయమని ఒప్పందం చేసుకోండి. ఇన్‌డిజైన్‌లో ఇప్పుడు యూనికోడ్ తెలుగు చక్కగా కూర్చుంటుంది. అచ్చు అయిపోయాక మార్పులు చేసుకోగల ఓపెన్ ఫైలు రచయిత దగ్గర ఉండాలి. పీడీఎఫ్ ఒక్కటే చేతికిచ్చి ఫైలు తమ దగ్గర ఉంచుకునేవారితో తరవాత ప్రతి పనికీ ఇబ్బందే.

టోకెన్ వీడియో

రచయితలకు సామాజిక మాధ్యమాల్లో ఏం పెట్టాలో తెలియక సుభాషితాలు, పండగ శుభాకాంక్షలు, సన్మానం ఫొటోలు పెడుతుంటారు. వాటిని చూసినవారికి ఆ పుస్తకంలో ఏముందో తెలియదు. పుస్తకం దేని చుట్టూ తిరుగుతుందో ఆ వస్తువునే చూపించాలన్నది మేము పెట్టుకున్న నియమం. మాస్టారి కథల్లో ఒకటి టోకెన్ మార్పిడి చుట్టూ అల్లినది. సింగిల్ లైన్ మీద ఒక స్టేషన్ నుంచి తరవాతి స్టేషన్ వరకు బండి వెళ్లడానికి డ్రైవరు చేతికి ఇచ్చే అధికారం ఆ టోకెన్. నీల్స్ యంత్రంలోంచి వచ్చే లోహపు బంతి అది. దాన్ని తోలు సంచిలో వేసి, ఆ సంచిని పేము చక్రానికి తగిలించి, ఆగకుండా వెళ్లే బండి ఇంజన్‌లోని మనిషికి అందించేవారు. ఆ బంతి అవతలి స్టేషన్ యంత్రంలో పడేదాకా ఆ మధ్య దూరానికి ఇంకో బంతి బయటికి రాదు, అంటే ఇంకో బండికి దారి లేదు.

మాస్టారు పేముతో చక్రం చుట్టించి, దానికి తోలు సంచి కుట్టించి, లోపల క్రికెట్ బంతి వేశారు. మనవడు ఫోనుతో వీడియో తీశాడు. పెరట్లో నిలబడి ఆయన చేయి పైకెత్తి చక్రాన్ని ఏ కోణంలో పట్టుకోవాలో చూపించారు. ఇంజన్‌లోంచి వంగిన ఫైర్‌మన్ మోచేతిని చక్రంలోంచి దూర్చి లాక్కుపోవడం, అదే ఊపులో వెనుక సెక్షన్ టోకెన్‌ను ప్లాట్‌ఫారం మీదికి విసరడం, ఆ చక్రం దొర్లుకుంటూ పోతే పోర్టరు లాంతరు పట్టుకుని వెతకడం అన్నీ అభినయించారు. వేగంగా వచ్చే బండి చక్రాన్ని అందుకుంటే ముంజేయి మీద పడే దెబ్బ ఎక్కడ తగులుతుందో చొక్కా చేయి మడిచి చూపించి, ఆ వెంటనే కథలోంచి ఒక పేరా చదివారు. మూడు నిమిషాల లోపు వీడియో అది. నేపథ్య సంగీతం లేదు. చివర పుస్తకం అట్ట, ఫోన్ నంబరు.

ఆ వీడియో కింద వచ్చిన వ్యాఖ్యలు లైకుల కంటే విలువైనవి. ప్రతి వ్యాఖ్యా ఒక జ్ఞాపకం. తండ్రి చేతి మీది మచ్చ గురించి ఒకరు రాశారు, స్కూలు నుంచి వస్తూ టోకెన్ వెతికిపెట్టి బిస్కెట్లు సంపాదించుకున్నామని మరొకరు రాశారు. మాస్టారు ఒక్కొక్కరికీ జవాబిచ్చి, ‘మీది ఏ కాలనీ అండీ?’ అని అడిగారు. ఆ జవాబుల నుంచి మా పట్టికలోకి కొత్త పేర్లు చేరాయి. తరవాత చేతి దీపం రంగుల అర్థం, లైన్ క్లియర్ (బండి పంపడానికి అవతలి స్టేషన్ అనుమతి) అడిగే గంట సంకేతాలు, గార్డు పెట్టెలో ఏమేం ఉండేవి అనే అంశాలపై అలాంటి వీడియోలే వారానికొకటి చొప్పున చేశాము. గార్డు అన్న హోదాను 2022లో ట్రైన్ మేనేజరుగా మార్చారు కనుక, ఆ పాత పెట్టె సంగతులు చెప్పే వీడియోకు కొత్త తరం ఉద్యోగుల నుంచి కూడా స్పందన వచ్చింది.

గ్రూపు కాదు, బ్రాడ్‌కాస్ట్ జాబితా

పాఠకులందరితో వాట్సాప్ గ్రూపు పెట్టమని చాలామంది సూచించారు. మేము పెట్టలేదు. గ్రూపులో రచయిత మాట శుభోదయాల కింద పడిపోతుంది, రాజకీయ ఫార్వర్డులు మొదలైతే పెద్దవాళ్లు నొచ్చుకుని బయటికి పోతారు, పైగా ఒకరి నంబరు అందరికీ తెలిసిపోతుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో ఈ ఇబ్బందులు లేవు. పంపిన సందేశం ఎవరికి వారికి విడిగా అందుతుంది, జవాబు నేరుగా రచయితకే వస్తుంది. ఒక జాబితాలో 256 మంది వరకే పడతారు, మన నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది. అందువల్ల పుస్తకం పంపే ప్రతి కవరులోనూ మాస్టారు చేత్తో రాసిన చీటీ ఒకటి పెట్టి, చదివాక ఈ నంబరుకు ఒక మాట రాయమని, నంబరు సేవ్ చేసుకోమని కోరాము. నెలకు రెండు సందేశాలకు మించకూడదని నియమం పెట్టుకున్నాము. ఆ నియమం తప్పనందువల్లనే ఆ జాబితా ఇప్పటికీ సజీవంగా ఉంది.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాళ్లలో

పట్టికలోని కాలనీ గడి చూసి సభలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించాము. గుంతకల్లు, కాజీపేట వంటి చోట్ల రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాళ్లు, పెన్షనర్ల సంఘాల నెలవారీ సమావేశాలు, రైల్వే స్కూళ్ల పూర్వ విద్యార్థుల కలయికలు మాకు వేదికలయ్యాయి. శాలువాలు, అతిథుల ఉపన్యాసాలు లేవు. మాస్టారు ఒక కథ చదివేవారు, తరవాత వినేవారు మాట్లాడేవారు. కథ చదవడానికి పట్టిన సమయం కంటే వాళ్లు తమ సంగతులు చెప్పుకున్న సమయమే ఎక్కువ. హాలు తలుపు దగ్గర పుస్తకాల బల్ల, క్యూఆర్ కోడు, ఒక రిజిస్టరు. అక్కడికి వచ్చిన పెద్దవారిలో కొందరికి కళ్లు ఆనవు, చిన్న అక్షరం చదవలేమన్నారు. రెండో ముద్రణలో అక్షరం సైజు ఒక పాయింటు పెంచడానికి అదే కారణం. పేజీలు పెరగకుండా మార్జిన్లు సర్దాము, అలా సర్దవలసిన అవసరం ఏమిటో ఇప్పుడు చెబుతాను.

వెల, తపాలా, మిగులు

500 ప్రతుల ముద్రణకు ఒక్కొక్క ప్రతికి సుమారు 90 రూపాయలు పడింది. పంపిణీదారు ద్వారా అమ్మితే 200 రూపాయల వెలలో 80 కమీషన్ పోయి 120 రావాలి. అందులో అచ్చు ఖర్చు తీస్తే 30, రవాణా తీస్తే ఇంకా తక్కువ, అది కూడా ఎప్పుడొస్తుందో తెలియదు. పాఠకుడికి నేరుగా పంపితే మొత్తం 200 ముందే చేతికి వస్తుంది, కానీ తపాలా ఖర్చు రచయిత భరించాలి. 2024 డిసెంబరులో తపాలా శాఖ, పుస్తకాలను తక్కువ రేటుకు చేర్చే రిజిస్టర్డ్ బుక్ పోస్టును నిలిపివేయడంతో చిన్న ప్రచురణకర్తలందరికీ పెద్ద దెబ్బ తగిలింది. తొలి నెలల్లో కొరియరుకూ స్పీడ్ పోస్టుకూ పోయిన డబ్బు మా మిగులును దాదాపు తినేసింది. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం తపాలా శాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ సేవ తెచ్చాక పరిస్థితి మారింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. ఈ సేవకు పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, వాణిజ్య ప్రకటనలు ఉండకూడదు.

70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద 176 పేజీల డెమ్మీ పుస్తకం అట్టతో కలిపి 200 గ్రాములకు కాస్త అటూఇటూగా తూగుతుంది. కవరు, చీటీ కలిపినా 300 దాటదు. అక్షరం పెంచినా పేజీలు పెంచవద్దని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. తపాలా, కవరు పోను నేరుగా పంపిన ప్రతి మీద సుమారు 75 రూపాయలు మిగులుతున్నాయి. పుస్తకం ప్రెస్సుకు వెళ్లకముందే ఎన్ని గ్రాములు తూగుతుందో లెక్క వేసుకునే రచయితలు మనలో చాలా తక్కువ. పాత పంపిణీదారు దగ్గర మిగిలిన ప్రతులను మాస్టారు మనిషిని పంపి వెనక్కి తెప్పించుకున్నారు. అవి కూడా ఇలాగే తపాలాలో వెళ్లాయి.

పెద్దగా పనిచేయనివి

డబ్బు కట్టి ఫేస్‌బుక్ పోస్టును ఎక్కువమందికి చూపించే ఏర్పాటు చేసి చూశాము. లైకులు వచ్చాయి, పట్టికలోకి పేర్లు రాలేదు, ఆపేశాము. పత్రికల సమీక్షలకు ఆనవాయితీ ప్రకారం రెండేసి ప్రతులు పంపాము. కొన్నిచోట్ల అందిన పుస్తకాల జాబితా ‘స్వీకారం’లో పేరు వచ్చింది, ఒకచోట మంచి సమీక్ష వచ్చింది. దానివల్ల అమ్మకాలు పెద్దగా పెరగకపోయినా, ఆ సమీక్షలోని రెండు వాక్యాలను రెండో ముద్రణ వెనుక అట్ట మీద వేసుకోగలిగాము. సమీక్షకుడి మాట కంటే ఒక విశ్రాంత లోకో పైలట్ తన ఫేస్‌బుక్ గోడ మీద రాసుకున్న పది వాక్యాలు ఎక్కువ ప్రతులు అమ్మాయి, ఎందుకంటే ఆయన మిత్రులందరూ రైల్వేవాళ్లే.

అమ్మకంతో నిమిత్తం లేకుండా తప్పక చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన కథానిలయానికి ప్రతులు పంపాము. తెలుగు కథ మీద పరిశోధన చేసేవారికి ఆ సంపుటి అక్కడ దొరకాలి. 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపవలసి ఉంటుంది. మొదటి ముద్రణకు ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) లేదు. మనదేశంలో దాన్ని రాజా రామమోహన రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది కనుక, రెండో ముద్రణకు దరఖాస్తు చేసి తీసుకున్నాము.

అమెరికా పాఠకులు, ఆడియో హక్కులు

పట్టికలో అమెరికా నంబర్లు పెరిగేసరికి అచ్చు పుస్తకం పంపే ఖర్చు పుస్తకం వెలను మించిపోయింది. సెలవులకు వచ్చి వెళ్లేవారి సూట్‌కేసుల్లో కొన్ని వెళ్లాయి. మిగిలినవారికి ఈ-బుక్ కావలసి వచ్చింది. 2016 డిసెంబరులో అమెజాన్ వారి ఈ-బుక్ వేదిక కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు తలుపు తీసినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. తెలుగు రచయితలు వేరే దారులు వెతుక్కోవలసి రావడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. యూనికోడ్ ప్రతి సిద్ధంగా ఉండడం వల్ల గూగుల్ ప్లే బుక్స్‌లో పెట్టగలిగాము. డాలస్‌లో టాంటెక్స్ (ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం) నడిపే ‘నెల నెలా తెలుగు వెన్నెల’ వంటి సదస్సుల సంప్రదాయం అక్కడి తెలుగువారిలో బలంగా ఉంది. అలాంటి ఒక బృందం జూమ్‌లో మాస్టారిని పిలిచి కథ చదివించుకుంది.

ఈలోగా ఒక యూట్యూబ్ ఛానల్ మాస్టారి కథను అనుమతి లేకుండా చదివి పెట్టింది. చదివినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆడియో హక్కు అచ్చు హక్కు నుంచి వేరైనది, దానికంటూ విలువ ఉన్నది. మర్యాదగా రాస్తే వాళ్లు తీసేశారు. ఆ తరవాత మాస్టారి గొంతుతోనే నాలుగు కథలు రికార్డు చేయించాము. ఆడియో యాప్‌లతో ఒప్పందం చేసుకునే రచయితలు సంతకం పెట్టేముందు కాలపరిమితి ఎంతో, ఆ హక్కు ఆ ఒక్క సంస్థకేనా కాదా అన్నది చదివి తీరాలి.

రెండో పుస్తకం

మొదటి 500 ప్రతులు 2025 వర్షాకాలానికి చెల్లిపోయాయి, దసరా తరవాత మరో 500 వేశాము. వాటికంటే మాస్టారి దగ్గర మిగిలిన ఆ పట్టికే నాకు ముఖ్యం. ఏ కంపెనీ తన నియమాలు మార్చుకున్నా అందులోని పేర్లు ఆయనవే.

అయితే దీనికి ఆయన చెల్లించిన మూల్యమూ ఉంది. ఫోన్లు, వీడియోలు, కవర్ల మీద చిరునామాలు, ఇవన్నీ రాసే సమయాన్ని తిన్నాయి. కొన్ని నెలల పాటు ఆయన కొత్త వాక్యం రాయలేదు. అది గమనించాక ఉదయం పూట ఫోన్ ముట్టుకోకూడదని, పాఠకులతో మాటలు సాయంత్రం ఒక గంటకే పరిమితమని పెట్టుకున్నాము. చిరునామాలు రాయడం, తపాలా కార్యాలయానికి వెళ్లడం మా మనిషికి అప్పగించాము. రచన ఆగిపోతే ఏ ప్రచారమూ దేనికీ కొరగాదు.

ఇంకో చిక్కు ఉంది. పాఠకులు ఆయన నుంచి రైలు కథలే కోరుతున్నారు. మాస్టారు అనంతపురం జిల్లాలో వేరుశనగ రైతుల ఇంట పుట్టినవారు. రెండో సంపుటిలో సగం కథలు ఆ చేలలోవి, కరువులోవి. అట్ట మీద సిగ్నల్ బొమ్మ వేసి అమ్మేద్దామని ఒకరు సలహా ఇస్తే ఆయన ఒప్పుకోలేదు, నేను కూడా ఒప్పుకోను. పట్టికలోని వారందరికీ విషయం ఉన్నదున్నట్టు రాసి, చేను కథ ఒకటి పూర్తిగా చదవడానికి పంపాము. రైలు లేదని నిరాశపడినవారున్నారు. గుంతకల్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైల్వేలో చేరినవారి పిల్లలు మాత్రం, ఇవి మా తాతల సంగతులని చెప్పి ముందుగానే డబ్బు పంపారు.

ముందుగా చెల్లించినవారికి తపాలా ఖర్చుతో సహా 160 రూపాయలకు ఇస్తున్నాము. వారి పేర్లు పుస్తకం చివరి పేజీల్లో కాలనీలవారీగా అచ్చువేస్తామని చెప్పాము. గడువు ఈ నెలాఖరు వరకు ఉంది. వచ్చిన చెల్లింపులకు మరో 200 కలిపి ముద్రణ సంఖ్య ప్రెస్సుకు చెబుతాము.